ఖాడీ ఒడ్డు ఆడబిడ్డ

సూరత్ బమ్రోలిలో మా సందులో సాంచాలు ఆగితే ఎవరికీ నిద్ర పట్టదు. పుట్టినప్పటి నుంచి మరమగ్గాల మోతలోనే పడుకున్న పిల్లలు నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తారు. కరోనా రెండో విడతలో సాంచాలు ఆగిపోయాయి. సేఠ్ షట్టరు దించి ఎటో వెళ్ళిపోయాడు. మగవాళ్ళు గడపల మీద కూర్చొని, మాస్కులు గడ్డం కింద పెట్టుకొని, కరోనా ఎలా అంటుకుంటుందో ఒకరి ముఖంలో ఒకరు ముఖం పెట్టి వివరంగా చెప్పుకునేవాళ్ళు.

మా ఎదురిల్లు నర్సవ్వది. ఆమె భర్త సాంచాలు బాగుచేసే ఫిట్టరు. పేరు బ్రహ్మచారి, కన్నది నలుగురిని. ఈ మాట నేను సందులో అందరికీ చెప్పి నవ్వించేదాన్ని. ఆ నలుగురిలో ముగ్గురు ఏడాది నిండకముందే పోయారన్నది మాత్రం నవ్వుతూ చెప్పే మాట కాదు. మిగిలింది విజయరాణి ఒక్కతే. దానికీ మొదటి లాక్‌డౌన్‌లో ఒక కాన్పు పోయింది. ఇప్పుడు మళ్ళీ ఎనిమిదో నెలతో పుట్టింటికి వచ్చింది. దాని మొగుడు పరమేశ్ ఖటోదరాలో, మిల్లు వాళ్ళ గదిలో, జ్వరంతో తలుపేసుకొని పడుకున్నాడు.

"గీ ఒక్కటి దక్కితే సాలు కనకవ్వా" అనేది నర్సవ్వ నాతో, బియ్యం చెరుగుతూ, నీళ్ళు తోడుతూ, ఏ పని చేస్తున్నా. కనిపించిన ప్రతి దేవుడికీ మొక్కింది. ఎవరికి ఏం మొక్కిందో ఆమెకే గుర్తులేదు.

"రేపు దేవుళ్ళందరు ఒక్కసారే వస్తే ఒక్క మేకను ఎందరికి పంచుతవే?" అన్నాను.

"నువ్వుంటవు గద, వాళ్ళకు ముచ్చట్లు చెప్పనీకి" అంది.

అప్పుడే తుఫాను వచ్చింది. మా సందులో రేకులు లేచాయి. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకు ఇళ్ళే లేచిపోయాయి. ఒక టీవీ చానెల్ వాళ్ళు చేపల పల్లెల కోసం సహాయ నిధి పెట్టారు. పొద్దున లేస్తే టీవీలో ఏడుపు సంగీతం, కింద బ్యాంకు ఖాతా నంబరు. ఆ నిధి పని చూసే పిల్ల తేజశ్రీ మా తెలుగు పిల్లే. తండ్రి హజీరాలో ఇంజనీరు. గోదావరి వైపు వాళ్ళు. పిల్ల పుట్టి పెరిగిందంతా సూరత్‌లోనే కాబట్టి ఒక మాట తెలుగు, ఒక మాట హిందీ, కోపమొస్తే గుజరాతీ. మూసేసిన సేఠ్ షెడ్డును గోడౌను చేసి, మా సందు ఆడవాళ్ళతో బియ్యం, పప్పు, చీర సంచుల్లో కట్టించేది.

ఒకరోజు తల పట్టుకొని కూర్చుంది.

"ఆంటీ, చందాలు తగ్గిపోతున్నాయి. రోజూ సంచి ఇవ్వడం, వాళ్ళు దండం పెట్టడం. లోగ్ బోర్ హో గయే, చూసేవాళ్ళకు విసుగొచ్చేసింది. మన దగ్గర ఏదైనా మంచి ఆచారం ఉంటే చెప్పండి, కెమెరా ముందు చేద్దాం."

"మా ఆయన తాగొచ్చి మెట్ల మీద పాట పాడుతడు బిడ్డా. గది మస్తు పాత ఆచారం" అన్నాను.

నర్సవ్వ నవ్వలేదు. "ఒడిబియ్యం పోద్దాం" అంది.

తేజశ్రీకి తెలియదు. నర్సవ్వే చెప్పింది. పెళ్ళయిన బిడ్డను పుట్టింటివాళ్ళు పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఆమె కొంగులో పోస్తారు. నీకు ఇక్కడ ఒక ఇల్లుంది, ఎప్పుడైనా రావచ్చు అని దాని అర్థం. ముత్తైదువకే పోస్తారు. ఆ బియ్యం ఆమె వండి, తన వాళ్ళకు పెడుతుంది.

తేజశ్రీ కళ్ళు మెరిశాయి. నేను నర్సవ్వను పక్కకు లాగాను.

"పరాయోళ్ళకు ఎట్ల పోస్తవే? పోస్తే నీ బిడ్డ అయితది."

"కానీయవే. నలుగురిని కన్న, ఒక్కతే మిగిలింది. ఇంకొక బిడ్డ అయితే ఏం కరువొస్తది? గా పుణ్యం నా విజయకు తాకుతది."

నేను పసుపు తెచ్చి బియ్యంలో కలపడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం టెంపోలో బయలుదేరాం. ఇచ్ఛాపూర్ దాటి, ఫ్యాక్టరీల పొగ గొట్టాలు దాటి, ఖాడీ ఒడ్డుకు చేరాం. సముద్రం నీళ్ళు పాయలా భూమిలోకి వచ్చే చోటును ఇక్కడ ఖాడీ అంటారు. ఆ పల్లెలో నిలబడ్డ గోడకంటే పడ్డ గోడే ఎక్కువ. తుమ్మ చెట్ల మీద వలలు చిక్కుకొని వేలాడుతున్నాయి. చచ్చిన చేపల వాసన, బురద వాసన, వాటి కింద ఇంకేదో తియ్యటి వాసన. తేజశ్రీ మాస్కు మీద ఇంకో మాస్కు పెట్టుకుంది.

ఆడవాళ్ళు వరుసగా నిలబడ్డారు. నర్సవ్వ వాళ్ళ ముఖాలు చూడలేదు, చేతులు చూసుకుంటూ నడిచింది. ముత్తైదువ కావాలి కదా. ఒక చేయి బోసి. పక్క చేయి బోసి. పడవల మీద పోయిన మగవాళ్ళు తిరిగి రాని ఊరు అది. వరుస చివర వరకూ వెళ్ళినా గాజు కనబడలేదు.

అప్పుడు కనిపించింది ఆమె. వరుసలో లేదు. బోర్లా పడ్డ పడవ పక్కన ఒక్కతే నిలబడి ఉంది. నిండు కడుపు. మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు. కట్టుకున్న చీర తడిగా ఒంటికి అంటుకొని ఉంది. ఒడ్డున ఉండేవాళ్ళు, తడవక ఏం చేస్తారు అనుకున్నాను.

నర్సవ్వ ముఖం వెలిగిపోయింది. "గిదో, నా బిడ్డ" అంటూ పోయింది.

వరుసలో ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపారు. టీవీ అంటే సిగ్గేమో అని కూడా అనుకున్నాను. ఆ రోజు నేను చాలా అనుకున్నాను.

ఆమె కొంగు చాపింది. కొంగులో ఒడిబియ్యం పడితే జలజలమని వినబడుతుంది. ఇక్కడ అలా లేదు. బురదలో పిడికిళ్ళు దిగినట్టు, మెత్తగా. కొంగు కింద నుంచి పసుపు నీళ్ళు కారి ఇసుకలోకి ఇంకాయి. నర్సవ్వ ఆమె నుదుట బొట్టు పెట్టి, కళ్ళ నీళ్ళతో అంది:

"బిడ్డా, నీకు మా ఇల్లున్నది. ఎప్పుడన్న రా."

తేజశ్రీ దాన్ని గుజరాతీలో చెప్పింది. తరువాత కెమెరా అబ్బాయి వైపు చూసి, మళ్ళీ నర్సవ్వ వైపు చూసింది.

"ఆంటీ, సారీ, వెలుతురు సరిగ్గా పడలేదు. మళ్ళీ ఒకసారి పిలవండి."

పిలిచింది. ఈసారి గాలి మోత అడ్డొచ్చిందన్నారు. మళ్ళీ పిలిచింది. ఈసారి కాస్త నెమ్మదిగా, ఆమె చేయి పట్టుకొని పిలవమన్నారు. నర్సవ్వ చేయి పట్టుకొని పిలిచింది. టీవీ వాళ్ళకు తృప్తి కలిగేదాకా ఆమెను ఇంటికి రమ్మని పిలుస్తూనే ఉంది.

తిరిగి వస్తుంటే టెంపోలో నర్సవ్వ తన అరచేతిని చీరకు తుడుచుకుంటూనే ఉంది. "ఎంత సల్లగున్నదే పిల్ల చెయ్యి" అంది.

టీవీలో వచ్చింది. చందాలు కురిశాయి. బ్రహ్మచారి ఆ ముక్కను ఫోనులో పెట్టుకొని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించాడు. "నా పెండ్లాం" అనేవాడు, పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు.

తరువాత ఒక సాయంత్రం వాళ్ళ గడప మీద మూతపెట్టిన సత్తుగిన్నె కనిపించింది. తీసి చూస్తే పసుపు రంగు అన్నం. నర్సవ్వ నేను పెట్టాననుకుంది. నేను నర్సవ్వ వండిందనుకున్నాను. బ్రహ్మచారి ఏమీ అనుకోలేదు, కూర్చొని తినేశాడు.

"ఉప్పు జరంత ఎక్కువైంది" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

గిన్నె అడుగున నల్లటి సన్నని ఒండ్రు. నర్సవ్వ దాన్ని వేలితో తీసి వాసన చూసింది. నాకు చూపించలేదు. కడిగేసింది. ఆ రోజు నుంచి బ్రహ్మచారికి దాహం పట్టుకుంది. బిందె పక్కనే పెట్టుకొని తాగేవాడు. తాగేకొద్దీ పెదవులు ఎండి పగిలేవి. "సముద్రం తాగినట్టున్నవ్ బావా" అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు. మళ్ళీ చెంబు ముంచాడు.

పల్లెకు ఆఖరి లారీ పంపిన రోజు తేజశ్రీ వచ్చింది. మాస్కు పైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్నూ నర్సవ్వనూ షెడ్డులోకి పిలిచి, ఆగిపోయిన సాంచాల మధ్య నిలబడి గుసగుసగా చెప్పింది.

"ఆంటీ... ఆమె పేరు రమీలా. తుఫాను వచ్చే రోజు వల తీసుకురావడానికి ఖాడీలో దిగిందట. మళ్ళీ రాలేదు. శవం కూడా దొరకలేదు."

"మల్ల మనం బియ్యం పోసింది ఎవలికి?" అన్నాను.

"ఆమెకే."

"టీవీల మంచిగ కనబడ్డది గదనే!"

"కనబడింది. ఊరంతా చూసింది. మనం పోసినప్పుడు కూడా అందరూ చూశారు."

"చూసి నోరెందుకు మూసుకున్నరు?"

తేజశ్రీ మాస్కు సర్దుకుంది. "చెప్తే మనం భయపడి వెళ్ళిపోతామని. బియ్యం రావని... ఆఖరి లారీ దిగాక చెప్పారు."

వాళ్ళను నేను తప్పు పట్టలేదు. ఆకలితో ఉన్నవాళ్ళు దెయ్యాన్ని కూడా వరుసలో ఉండనిస్తారు.

నర్సవ్వ మాత్రం ఒక్కటే అడిగింది. "దానికి ఎన్నో నెల?"

"ఎనిమిది. మొదటి కాన్పు. అమ్మానాన్న లేరట ఆంటీ. పుట్టిల్లు లేదని ఎప్పుడూ ఏడ్చేదట."

నర్సవ్వ తిరిగి తన గడప వైపు చూసింది. నాకూ అర్థమైంది. మాలో మొదటి కాన్పుకు బిడ్డ పుట్టింటికి వస్తుంది. రమ్మని పిలవకపోయినా వస్తుంది. నర్సవ్వ పిలిచింది కూడా. ఇంకొక మాట మా ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. ఒకే గడపలో ఇద్దరికి పురుడు పోయరు. పోస్తే ఒక పిల్లే నిలుస్తుందని మా పెద్దవాళ్ళ భయం.

తెల్లారగానే విజయరాణిని మా ఇంటికి మార్చేద్దామనుకున్నాం. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. సందులో మోకాలి లోతు నీళ్ళు. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. అదే సమయానికి విజయరాణికి నొప్పులు మొదలయ్యాయి.

అంబులెన్సు నంబరు మోగుతూనే ఉంది కానీ ఎవరూ ఎత్తడం లేదు. నర్సవ్వ ఫోను ఆరిపోయింది. నా ఫోను తీసుకొని బ్రహ్మచారి నీళ్ళలో పడి పెద్ద రోడ్డుకు పోయాడు. గదిలో మేం ముగ్గురమే. ఒక్క కొవ్వొత్తి.

నేను ఇంతకుముందు నాలుగైదు కాన్పులు చూశాను. ధైర్యం చెప్పడానికి నోరు ఎలాగూ ఉంది. "అరువకే, నీ మొగనికి ఖటోదరా దాక ఇనబడ్తది" అంటే ఆ నొప్పుల్లోనూ విజయరాణి నవ్వింది. పిల్ల పుట్టింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. కొత్త బ్లేడుతో బొడ్డు కోసి, కండె నుంచి దారం తెంపి ముడి వేశాను. మెత్తటి గుడ్డలో చుట్టాను. నర్సవ్వ రెండు చేతులూ జోడించి పైకప్పుకు దండం పెట్టింది.

తలుపు గడియ పెట్టే ఉంది. అయినా తడిగాలి వచ్చింది.

కొవ్వొత్తి ఆరిపోయింది.

ముందు వాసన వచ్చింది. బురద... చేపలు... ఆ తియ్యటి వాసన. తరువాత గోడ వైపు నుంచి గాజుల చప్పుడు. నర్సవ్వకు, విజయరాణికి ప్లాస్టిక్ గాజులు. నావి కాన్పు కోసం తీసి పక్కన పెట్టాను.

"అమ్మా..." అంది విజయరాణి సన్నగా. "నా పక్కకు ఎవరో పండుకున్నరు."

ఎవరూ కదల్లేదు. విన్నాం. విజయరాణి ఊపిరి ఎగపోస్తోంది. దాని పక్కన ఇంకొక ఎగపోత. ఊపిరిలా లేదు. నీళ్ళు బుడగలు వేస్తున్నట్టు ఉంది. ఆగి... మళ్ళీ... ఆగి...

అప్పుడు రెండో ఏడుపు వినబడింది.

నా చేతుల్లో ఒక పిల్ల ఉంది. నోరు మూసుకొని నిద్రపోతోంది. ఏడుస్తున్నది గోడ వైపు.

"నాకు ఒక్కతే పుట్టింది గదనే అమ్మా... ఒక్కతే గద..."

చీకట్లో నా ఒడిలోకి ఎవరో ఇంకొక మూట పెట్టారు. తడిగా, వెచ్చగా. నన్ను తాకిన వేళ్ళు మాత్రం వెచ్చగా లేవు. నేను ఆ పిల్ల బొడ్డు తడిమాను. దారం కట్టి ఉంది. ముడి నేను వేసే ముడే.

"బా..." అంది గోడ వైపు నుంచి ఒక గొంతు.

గుజరాతీలో అమ్మను అలా పిలుస్తారు.

నర్సవ్వ మాట్లాడింది. ఆమె గొంతు పురుడు పోసిన తల్లి బిడ్డతో ఎలా మాట్లాడుతుందో అలాగే ఉంది.

"వచ్చినవా బిడ్డా. మంచిగైందా? ఇగ ఇంటికి పోవాలె. మొగని కాడికి పోవాలె." తరువాత నా చెవిలో, "ఆడబిడ్డను పొమ్మనరాదే. సాగనంపాలె. పెట్టెల సీర ఉన్నది, దేవులాడు. పిల్లల్ని నాకియ్యి."

ఇద్దరినీ ఆమె చేతుల్లో పెట్టాను. విజయరాణి పిల్ల కుడి వైపు అని చెప్పాను. గట్టిగానే చెప్పాను. పెట్టె దగ్గరికి పాకాను. విజయరాణి కోసం దాచిన కొత్త చీర చేతికి తగిలింది. పసుపు డబ్బీ తగిలింది. వెనక నర్సవ్వ ఆ పిల్ల తల, ఈ పిల్ల తల వాసన చూస్తున్న చప్పుడు. ముక్కుతో పీల్చి... ఆగి... మళ్ళీ పీల్చి.

చీరకు పసుపు పెట్టి ఇచ్చాను. నర్సవ్వ గోడ వైపు జరిగింది.

"ఇగో సీర. ఇగో నీ పిల్ల. పైలం బిడ్డా. పోయిరా."

చీర మడత విప్పుకున్న చప్పుడు. గాజులు. ఆ ఇద్దరు పిల్లల్లో ఒకరు చిన్నగా మూలిగారు. తలుపు గడియ తనంతట తానే జరిగింది. సందులో నీళ్ళు చీలుతున్న అడుగుల చప్పుడు... నెమ్మదిగా, బరువుగా... దూరమైంది.

విజయరాణి ఒక్కటే అడిగింది. "అమ్మా, నా పిల్ల?"

"గిదో నా దగ్గరున్నది."

ఎంత సేపటికో బ్రహ్మచారి వచ్చాడు. వెంట ప్లాస్టిక్ దుస్తుల్లో అంబులెన్సు వాళ్ళు, చేతుల్లో టార్చి లైట్లు. ఆ వేషంలో వాళ్ళను చూసి నేను కేక పెట్టాను. దెయ్యం ఉన్నంతసేపూ పెట్టని కేక అప్పుడు పెట్టాను. వెలుతురు నర్సవ్వ మీద పడింది. ఆమె ఒడిలో ఒక్క ఆడపిల్ల. గులాబీ రంగులో, ఆరోగ్యంగా. బొడ్డుకు దారం. చాప మీద గోడ వైపు మాత్రం తడిసి మనిషంత నల్లటి మరక.

"తల్లీ పిల్లా బాగున్నారు" అన్నాడు అంబులెన్సు మనిషి. నర్సవ్వ ఏడ్చింది. బ్రహ్మచారి ఏడ్చాడు. ఆయన దాహం ఆ రోజుతో పోయింది. పరమేశ్ కోలుకొని వచ్చి, కూతురి ముక్కు తనదేనని సందంతా చెప్పుకున్నాడు. ఆ ముక్కు ఎవరికైనా సంతోషం కలిగించడం అదే మొదలు.

నేను నర్సవ్వను ఒక్కసారే అడిగాను.

"కుడి వైపుదే ఉంచుకున్నవు గద?"

"నలుగురిని కన్నదాన్ని నేను. నాకు తెల్వదా?" అంది. నా కళ్ళలోకి చూడలేదు.

పిల్లకు పద్మారాణి అని పేరు పెట్టారు. పాలు బాగా తాగుతుంది. బరువు పెరుగుతోంది. విజయరాణి దాన్ని కిందికి దించదు. సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ మోతలో హాయిగా నిద్రపోతుంది. ఒక్క స్నానానికే నాకు ఇస్తారు, మా సందులో పసిపిల్లలకు నీళ్ళు పోసేది నేనే కాబట్టి. కాళ్ళు చాపుకొని, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టి పోస్తాను. ఎంత గట్టి పిల్లయినా ముఖం మీద నీళ్ళు పడగానే ఉక్కిరిబిక్కిరై, చేతులు కొట్టుకొని, ఊపిరి అందక ఏడుస్తుంది.

ఇది ఏడవదు. కళ్ళు తెరిచే ఉంచుతుంది. నీళ్ళ కింద నుంచి నన్నే చూస్తుంది. ఊపిరి కోసం తొందరపడదు.

నిన్న విజయరాణి తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను చెంబు ఆపలేదు. ముఖం మీదే పోశాను. మళ్ళీ ముంచి పోశాను. మళ్ళీ... మళ్ళీ... నా చెయ్యి నొప్పి పుట్టింది. బకెట్ అయిపోయింది.

పిల్ల నన్ను చూడటం మానేసి, నెమ్మదిగా తల తిప్పి, ఖాళీ బకెట్ వైపు చూసింది.